యూట్యూబ్ వస్తుంది, డబ్బు కట్టిన సినిమా రాదు

ప్రశ్న: చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. పాటలన్నా సినిమాలన్నా కాస్త పిచ్చి. 2013లో రిచీ స్ట్రీట్‌లో ఒక ఏవీ రిసీవర్ (సౌండ్‌ని స్పీకర్లకి పంచి, బొమ్మని టీవీకి పంపే డబ్బా), ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కొనుక్కున్నాను. ఇప్పటికీ బ్రహ్మాండంగా మోగుతున్నాయి. ఈ సంక్రాంతికి మా అమ్మాయి 55 అంగుళాల 4కే టీవీ, దానికి తోడు ఒక స్ట్రీమింగ్ బాక్సు కొనిపెట్టింది. బాక్సు నుంచి రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి వైర్లు పెట్టాను. యూట్యూబ్ హాయిగా వస్తోంది. నెలనెలా డబ్బు కట్టే సినిమా యాప్ తెరిస్తే మాత్రం కొన్ని సినిమాలకి తెర నల్లగా ఉండిపోతుంది, కొన్నిటికి హెచ్‌డీసీపీ అంటూ ఇంగ్లీషులో ఏదో మెసేజ్ వస్తుంది. బాక్సుని నేరుగా టీవీకి పెడితే బొమ్మ అద్భుతం, కానీ నా స్పీకర్లు మూగబోతున్నాయి. వైరు మంచిది కాదంటే రెండు వేలు పోసి కొత్తది కొన్నాను, ఏమీ మారలేదు. షాపతను "ఒరు స్ప్లిట్టర్ పోట్టా పోదుం సార్" అంటున్నాడు, అంటే ఒక స్ప్లిటర్ పెడితే చాలని. దాంతో లాక్ ఊడిపోతుందట. అది నేరమని, కేసవుతుందని మా అల్లుడు. ఆ పాత డబ్బాని ముందు బయట పారెయ్యండని మా ఆవిడ. ఎవరి మాట వినాలి? ఇంకో సందేహం: సౌండ్ వైర్లకి కూడా ఇలాంటి తాళాలుంటాయా? బొమ్మ ఒక దారిన, సౌండ్ ఒక దారిన పంపిస్తే క్వాలిటీ పోతుందా?

— పేరు వెయ్యొద్దన్న పాఠకుడు, చెన్నై

సమాధానం:

నమస్కారమండీ. రిసీవర్‌ని పారెయ్యకండి. స్ప్లిటర్ కొనకండి. ఇంకో వైరు అసలే కొనకండి. ఇంట్లో ఉన్న సామానుతోనే రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే మీ పని అయిపోతుంది. ఎలాగో చెప్పేముందు తెర ఎందుకు నల్లబడుతోందో కాస్త వివరంగా చెప్తాను. అది తెలిస్తే రేపు ఇంకెవరైనా ఇంకో డబ్బా అంటగట్టబోయినా మీరే బదులు చెప్పగలరు.

హెచ్‌డీసీపీ అనేది డిజిటల్ బొమ్మ, సౌండ్ వెళ్లే వైరుకి వేసిన తాళం. దీన్ని ఇంటెల్ కంపెనీ తయారుచేసింది. మొదటి వెర్షన్ 2000లో వచ్చింది. మన ఇళ్లలో అందరికీ తెలిసిన హెచ్‌డీఎంఐ పోర్టు పుట్టింది 2002 డిసెంబర్‌లో, అంటే వయసులో పోర్టు కన్నా తాళమే పెద్దది. పాత రోజుల్లో వీసీఆర్ నుంచి వీసీఆర్‌కి ఎన్నిసార్లు కాపీ చేస్తే బొమ్మ అంతగా మసకబారేది, ఆ మసకే స్టూడియోలకి కాపలా. డిజిటల్ వైరులో నడిచే బొమ్మకి ఆ మసక లేదు. మధ్యలో ఎవరైనా రికార్డర్ తగిలిస్తే అచ్చంగా అసలు ప్రింటే దొరుకుతుంది. ఆ భయంతో, బాక్సు నుంచి బయటికి వచ్చే ప్రతి ఫ్రేమునీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా కలగాపులగం చేసి పంపాలని, లైసెన్సు ఉన్న యంత్రం మాత్రమే దాన్ని విప్పుకోవాలని ఏర్పాటు చేశారు.

ఆ మొదటి వెర్షన్ లెక్క ముచ్చటగా ఉంటుంది, కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ప్రతి చిప్‌లోనూ తయారీ సమయంలోనే 40 రహస్య సంఖ్యలు పెడతారు, ఒక్కోటి 56 బిట్ల పొడవు. వాటితో పాటు పైకి చెప్పుకునే గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. అది 40 బిట్లది, అందులో సరిగ్గా 20 ఒకట్లు, 20 సున్నాలు ఉండాలి. మీరు బాక్సు ఆన్ చెయ్యగానే బాక్సు తన గుర్తింపు సంఖ్యని రిసీవర్‌కి చెప్తుంది, రిసీవర్ తనది బాక్సుకి చెప్తుంది. అవతలి సంఖ్యలో ఒకట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ఆ స్థానాల్లో ఉన్న తన రహస్య సంఖ్యల్ని ఏరి కూడుకుంటుంది ఒక్కో యంత్రం. ఇద్దరూ కూడినవి వేర్వేరు సంఖ్యలే, కానీ మొత్తం మాత్రం ఒకటే వస్తుంది. అలా వచ్చేట్టు ముందే లెక్కగట్టి చిప్‌లకి పంచారు. రహస్యం ఒక్కటి కూడా వైరు మీదకి రాలేదు, అయినా ఇద్దరి చేతిలోనూ ఒకే తాళంచెవి. ఆ తర్వాత 128 ఫ్రేములకోసారి, అంటే సుమారు రెండు సెకన్లకోసారి, ఇంకా ఇద్దరం ఒకే లెక్కలో ఉన్నామా అని సరిచూసుకుంటూ ఉంటాయి. తేడా వస్తే బొమ్మ ఆగిపోతుంది.

అంతా కూడికల మీద నడవడమే దీని కొంప ముంచింది. కూడికల్ని సమీకరణాలుగా రాసుకుని వెనక్కి విప్పొచ్చు కదా. ఒక 40 యంత్రాల రహస్య సంఖ్యలు చేజిక్కితే చాలు, అన్నిటికీ మూలమైన అసలు పట్టికనే రాబట్టొచ్చని పరిశోధకులు 2001లోనే చెప్పారు. అనుకున్నంతా అయింది. 2010 సెప్టెంబర్‌లో ఆ మూల పట్టిక, నలభై వరసలు నలభై నిలువులు ఉన్నది, ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. అది అసలుదేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. ఆ రోజు నుంచి పాత హెచ్‌డీసీపీ తాళం పేరుకే తాళం.

అందుకే 4కే సినిమాలు ఇవ్వాల్సి వచ్చేసరికి స్టూడియోలు పాత తాళం పనికిరాదన్నాయి. ఈలోపు ఇంటెల్ వాళ్లు రెండో తరం తాళం మొదలుపెట్టారు. దీనికి సొంత కూడికలు లేవు, సమాచారాన్ని రహస్యంగా పంపడానికి బ్యాంకులూ ప్రభుత్వాలూ వాడే ఆర్ఎస్ఏ, ఏఈఎస్ పద్ధతులే. పైగా అవతలి యంత్రం నిజంగా ఇదే గదిలో ఉందా, లేక ఎవరైనా ఇంటర్నెట్ మీదుగా దూరానికి లాక్కెళ్తున్నారా అని తెలుసుకోవడానికి 2.2 వెర్షన్‌లో ఒక ప్రశ్న వేసి 20 మిల్లీసెకన్లలో జవాబు రావాలంటుంది. హెచ్‌డీఎంఐ కోసం ఈ 2.2 నిబంధనల పుస్తకం వెలువడింది 2013 మొదట్లో. అది చిప్‌లలోకి, చిప్‌ల నుంచి షాపుల్లోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. మీరు రిసీవర్ కొన్నది సరిగ్గా ఆ ఏడాదే. దానిలో కొత్త తాళం ఉండే అవకాశం లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే వస్తుందా అంటే, ఇది చిప్‌లోనే ఉండాల్సిన సంగతి కాబట్టి సాధారణంగా రాదు.

ఇప్పుడు మీ ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. మీ రిసీవర్ ఊరికే వైరుని అటునుంచి ఇటు దాటించదు. బాక్సు పంపినదాన్ని తాళం తీసి చూస్తుంది, సౌండ్‌ని తను ఉంచుకుంటుంది, బొమ్మకి మళ్లీ తాళం వేసి టీవీకి పంపుతుంది. హెచ్‌డీసీపీ భాషలో దాన్ని రిపీటర్ అంటారు. తన వెనకాల ఏయే యంత్రాలున్నాయో బాక్సుకి జాబితా ఇవ్వడం కూడా దాని పనే. బాక్సుకి 2.2 తెలుసు, టీవీకీ 2.2 తెలుసు, మధ్యలో ఉన్న మీ రిసీవర్‌కి మాత్రం పాతదే తెలుసు. బాక్సు కంటికి కనపడేది పక్కనున్న రిసీవరే, దాని అవతల ఎంత కొత్త టీవీ ఉన్నా లాభం లేదు. 4కే సినిమా ఇవ్వనంటుంది. యూట్యూబ్‌లో జనం పెట్టే మామూలు వీడియోలకి ఈ తాళం అక్కర్లేదు గనక అవి నిక్షేపంగా వస్తాయి. యూట్యూబ్ వస్తోంది కాబట్టి వైర్లూ పోర్టులూ బాగానే ఉన్నాయని కూడా దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇది చదివి మీకు ఒళ్లు మండితే తప్పులేదు. తాళం పగలగొట్టింది ఎవరో, కొత్త సామాను కొనుక్కోవాల్సింది మీరు. దొంగ ప్రింటు డౌన్‌లోడ్ చేసుకుని చూసేవాడికి ఈ నల్ల తెర జన్మలో కనపడదు, వాడి ఫైలుకి తాళమే ఉండదు. నెలనెలా చందా కట్టేవాడి హాల్లోనే ఈ గొడవంతా. ఇరవై ఏళ్లు దాటినా ఈ ఏర్పాటు దొంగతనాన్ని ఆపిన దాఖలా నాకైతే కనపడలేదు. చెవులకి ఇంపుగా మోగే యంత్రాలని అటకెక్కించడంలో మాత్రం బాగానే పనిచేసింది.

వైరు సంగతి. హెచ్‌డీఎంఐ మొనలో 19 పిన్నులుంటాయి. వాటిలో 15, 16 నంబర్ల మీద ఉన్న రెండు సన్నటి తీగల మీదే ఈ తాళం మాటలన్నీ నడుస్తాయి. మామూలు వైరులో తాళమూ ఉండదు, చెవీ ఉండదు, అది ఉత్త రాగి. ఆ రెండు తీగల్లో ఒకటి తెగితే తప్ప వైరు వల్ల ఈ గొడవ రాదు. వైరు నాసిరకమైతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ మధ్యమధ్యలో పోయి వస్తుంది. మీకొచ్చింది అది కాదు. రెండు వేల వైరు వృథా పోదు లెండి, బాక్సుకీ టీవీకీ మధ్య దాన్నే వాడుకోండి.

ఇక చెయ్యాల్సింది. ముందుగా ఇవాళే చూడగలిగిన చిన్న పని ఒకటుంది. వైర్లు ఇప్పుడున్నట్టే ఉంచి, బాక్సు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి రిజల్యూషన్‌ని ఆటో నుంచి 1080పికి మార్చండి. ఫుల్ హెచ్‌డీ బొమ్మకి పాత తాళమే చాలని చాలా యాప్‌లు ఇప్పటికీ ఒప్పుకుంటాయి. సినిమా వచ్చేస్తే జబ్బేమిటో ఖాయమైనట్టే. 55 అంగుళాల తెరని పది అడుగుల దూరం నుంచి చూసేటప్పుడు 4కేకీ 1080పికీ తేడా, షాపులో ముక్కు ఆనించి చూసినప్పుడు కనపడినంత ఉండదు. హెచ్‌డీఆర్ రంగుల మెరుపు మాత్రం పోతుంది. అమ్మాయి ప్రేమగా కొన్న టీవీ కాబట్టి దాన్ని వదులుకోవడం ఎందుకు, అసలు మందు చూద్దాం.

టీవీ వెనక్కి వెళ్లండి. హెచ్‌డీఎంఐ పోర్టులు మూడో నాలుగో ఉంటాయి. ఒకదాని పక్కన చిన్న అక్షరాల్లో ఏఆర్‌సీ అనో, ముందు ఒక ఈ తగిలించో రాసి ఉంటుంది. టార్చి వేస్తే గానీ కనపడదు. ఆ పోర్టుని రిసీవర్‌కి కేటాయించండి. బాక్సుని టీవీలోని ఇంకో పోర్టుకి నేరుగా పెట్టండి. రిసీవర్ వెనక హెచ్‌డీఎంఐ అవుట్ అని ఉన్న దాని నుంచి టీవీ ఏఆర్‌సీ పోర్టుకి వైరు, అంతే. ఏఆర్‌సీ అంటే ఆ వైరులోనే సౌండ్ వెనక్కి, అంటే టీవీ నుంచి రిసీవర్‌కి నడవడం. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఇది మొదలైంది, కాబట్టి 2013 రిసీవర్‌లో ఉండి తీరాలన్నంత నమ్మకంగా చెప్పొచ్చు. రిసీవర్ పోర్టు పక్కన కూడా అవే అక్షరాలున్నాయేమో చూసుకోండి.

ఇలా పెడితే బొమ్మకి కావలసిన కొత్త తాళం బాక్సుకీ టీవీకీ మధ్య కుదురుతుంది, రిసీవర్ ఆ మాటల్లోనే ఉండదు. దానికి సౌండ్ మాత్రం వస్తుంది. ఏఆర్‌సీ దారిలో హెచ్‌డీసీపీ లేదు. ఇందులో తాళం పగలగొట్టడమూ లేదు, మోసమూ లేదు. టీవీ కంపెనీలు అందుకోసమే పెట్టిన పోర్టు అది.

వైర్లు మార్చగానే సౌండ్ రాకపోతే గాభరా పడకండి, నాలుగు సెట్టింగులు చూడాలి. టీవీలో సీఈసీ అనేది, అంటే హెచ్‌డీఎంఐ వైరు మీద ఒక యంత్రం ఇంకోదాన్ని ఆడించే ఏర్పాటు, ఆన్ అయి ఉండాలి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, సోనీలో బ్రావియా సింక్, ఎల్‌జీలో సింప్‌లింక్. రిసీవర్ మెనూలో హెచ్‌డీఎంఐ విభాగంలో ఏఆర్‌సీని ఆన్ చెయ్యాలి, చాలావాటిలో అది కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది. తర్వాత రిసీవర్ రిమోట్‌లో ఇన్‌పుట్‌ని టీవీ అన్నదానికి మార్చాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, పాత అలవాటులో బాక్సు ఇన్‌పుట్ మీదే ఉంచేస్తారు. చివరగా టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ ఆడియో ఔట్ అన్నచోట పీసీఎం అని ఉంటే తీసేసి ఆటో గానీ, పాస్‌త్రూ గానీ, డాల్బీ డిజిటల్ గానీ పెట్టండి. పీసీఎం మీద వదిలేస్తే ముందున్న రెండు స్పీకర్లే మోగుతాయి, వెనకవి నిద్రపోతాయి, మీరేమో స్పీకర్ వైరు ఎలుక కొరికిందేమోనని వెతుక్కుంటారు.

ఒకవేళ ఏఆర్‌సీ ఎంతకీ మాట వినకపోతే, కొన్ని జతల మధ్య నిజంగానే పొసగదు, అప్పుడు ఆప్టికల్ వైరు ఉంది. రిచీ స్ట్రీట్‌లో తక్కువలోనే దొరుకుతుంది. టీవీ వెనక చిన్న చదరపు రంధ్రం ఉంటుంది, దానికి స్ప్రింగు మూత. టీవీ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ మూతని వేలితో నొక్కితే లోపల ఎర్రటి వెలుగు కనపడుతుంది. కొత్త వైరు రెండు కొసలకీ గాజులాంటి పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీలు తొడిగి ఉంటాయి. అవి తియ్యకుండా లోపలికి నెట్టడం, మూత ఊడగొట్టుకోవడం చాలా ఇళ్లలో జరిగే పనే. టోపీలు తీసి, మొన ఆకారం రంధ్రంతో సరిపోయే వైపు తిప్పి, టక్కుమనే దాకా నొక్కండి. రెండో కొసలో ఎర్రటి చుక్క కనపడిందంటే వెలుగు అటు చేరినట్టే, దాన్ని రిసీవర్‌లో పెట్టేయండి. ఆప్టికల్ అయితే టీవీ సెట్టింగ్‌లో డాల్బీ డిజిటల్ అనే పెట్టండి.

మీ రెండో సందేహానికి వస్తే, అవును, సౌండ్ వైర్లకీ తాళం ఉంది. కానీ అది వేరే కాలపు తాళం, వేరే మర్యాద. 1987లో జపాన్‌లో డాట్ అనే డిజిటల్ టేపు వచ్చింది. సీడీని అచ్చంగా సీడీ అంత శుభ్రంగా కాపీ చేస్తుందని పాటల కంపెనీలు బెంబేలెత్తిపోయాయి. చాలా తగవులయ్యాక కుదిరిన రాజీ పేరు ఎస్‌సీఎంఎస్. డిజిటల్ సౌండ్‌తో పాటు కాపీ చేసుకోవచ్చా, ఇది అసలుదా కాపీనా అని చెప్పే చిన్న గుర్తులు వెళ్తాయి. అసలు సీడీ నుంచి ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, ఆ కాపీల నుంచి ఇంకో కాపీ తియ్యబోతే రికార్డర్ ఒప్పుకోదు. అమెరికా 1992లో దీన్ని చట్టంగానే చేసింది. అందులో సౌండ్‌ని కలగాపులగం చెయ్యడం ఏమీ లేదు, ఉన్నది బిట్ల రూపంలో ఒక విన్నపం. రికార్డ్ చేసే యంత్రానికే దానితో పని, వినే యంత్రం దాన్ని పట్టించుకోదు. మీ ఆప్టికల్ దారిలో ఉన్నది అంతే. ఆ ఒక్క తరం కాపీ అనే పద్ధతి నాకు ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది. కొన్నవాడికి కారులో వినడానికి ఒక కాపీ దక్కేది, అమ్ముకునేవాడికి చెక్ పడేది.

ఆ తర్వాత వచ్చిన ఖరీదైన ఆడియోకి మాత్రం అంత ఉదారత చూపించలేదు. సూపర్ ఆడియో సీడీ అసలు సౌండ్, బ్లూరే డిస్కులోని డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటివి ఆప్టికల్ దారిలో రావు. ట్రూహెచ్‌డీ ఆ వైరులో పట్టదు కూడా. వాటికి హెచ్‌డీఎంఐ, దాని తాళం ఉండాల్సిందే. మీ దగ్గర బ్లూరే ప్లేయర్ ఉంటే దాన్ని మాత్రం ఎప్పట్లా రిసీవర్‌కే పెట్టండి. 1080పి బ్లూరేకి పాత తాళమే చాలు, కాబట్టి బొమ్మా వస్తుంది, ఆ నాణ్యమైన సౌండ్ నేరుగా రిసీవర్‌కి అందుతుంది. డీటీహెచ్ బాక్సు కూడా అంతే, కదిలించక్కర్లేదు. రిసీవర్‌కీ టీవీకీ మధ్య ఉన్న ఆ ఒక్క వైరులోనే డీటీహెచ్ బొమ్మ అటు వెళ్తుంది, సినిమా యాప్ సౌండ్ ఇటు వస్తుంది.

క్వాలిటీ పోతుందా అని అడిగారు. సినిమా యాప్‌ల విషయంలో మీకు పోయేది దాదాపు ఏమీ లేదు. అవి ట్రూహెచ్‌డీ పంపవు, పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. టీవీ, రిసీవర్ రెండూ ఒప్పుకుంటే అది ఏఆర్‌సీలో అలాగే నడుస్తుంది. ఆప్టికల్‌లో అయితే టీవీ దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంది, 5.1 మాత్రం 5.1గానే ఉంటుంది. అట్మాస్ అని రాసి ఉన్న సినిమాలో పైనుంచి వర్షం కురిసినట్టు వినపడే భాగం మీకు రాదు. ఇంటి రిసీవర్లలోకి అట్మాస్ వచ్చిందే 2014లో, మీది అంతకు ముందుది. ఆ ఐదు స్పీకర్లలోనే సర్దుకుని వినిపిస్తుంది. వెర్రిగా డబ్బు పోసి మార్చాల్సినంత లోటేమీ కాదు.

స్ప్లిటర్ గురించి. లైసెన్సు ప్రకారం తయారైన స్ప్లిటర్, వచ్చిన సిగ్నల్‌ని రెండు టీవీలకి పంచేటప్పుడు మళ్లీ తాళం వేసే పంపాలి. షాపతను చెప్పేది తాళం తీసి వెయ్యకుండా వదిలేసే రకం, లేదా కొత్త తాళాన్ని పాత తాళంగా దించే రకం. ఈ రెండో రకం అమ్ముతున్న ఒక చైనా కంపెనీ మీద వార్నర్ బ్రదర్స్, హెచ్‌డీసీపీ లైసెన్సులిచ్చే ఇంటెల్ అనుబంధ సంస్థ కలిసి 2015 చివర్లో అమెరికాలో కేసు వేశాయి. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసి 65ఏ సెక్షన్ చేర్చారు. ఇలాంటి రక్షణ ఏర్పాట్లని తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అందులో ఉన్నాయి. అయితే హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తప్పిస్తేనే అన్న షరతు ఆ సెక్షన్‌లోనే ఉంది. డబ్బు కట్టిన సినిమాని సొంత హాల్లో సొంత స్పీకర్లలో వినాలనుకునే మనిషిలో ఆ ఉద్దేశం వెతకడం కష్టం. మీ అల్లుడుగారు పోలీసుల దాకా వెళ్లడం కాస్త ఎక్కువే, కానీ నేను లాయర్ని కాను, ఆయన జాగ్రత్తని తప్పుపట్టను.

నేను వద్దనేది ప్రధానంగా వేరే కారణానికి. ఆ డబ్బా మధ్యలో చేరిందంటే బాక్సు దాన్నే టీవీ అనుకుంటుంది. చవకరకం స్ప్లిటర్లు తమ సామర్థ్యం గురించి బాక్సుకి తప్పుడు వివరాలు చెప్తాయి. దాంతో బొమ్మ 1080పికి పడిపోవచ్చు, సౌండ్ ఉత్త స్టీరియో అయిపోవచ్చు. ఐదు స్పీకర్లు మోగాలని కొని, రెండిటితో సరిపెట్టుకోవడం. పైగా హెచ్‌డీసీపీలో చెడ్డ యంత్రాల గుర్తింపు సంఖ్యల జాబితా పంపే ఏర్పాటు ఉంది. ఆ జాబితాకెక్కిన యంత్రాన్ని బాక్సు ఆ తర్వాత నమ్మదు. బిల్లు ఇవ్వని షాపులో కొన్నదాన్ని అప్పుడు ఎవరికి తిరిగిస్తారు?

ఇంకా ఒక సంగతి, నిజం చెప్పాలంటే ఇది ముందే అడగాల్సింది: ఆ స్ట్రీమింగ్ బాక్సు మీకు అసలు కావాలా? కొత్త 4కే టీవీల్లో చాలావాటిలో ఆ సినిమా యాప్‌లు టీవీలోనే ఉంటాయి. అక్కడే తెరిస్తే బయటి నుంచి బొమ్మ తెచ్చే వైరే లేదు, హెచ్‌డీసీపీ ప్రసక్తే రాదు. ఏఆర్‌సీ వైరు ఒక్కటి ఉంటే సౌండ్ రిసీవర్‌కి చేరిపోతుంది. బాక్సు వేగంగా ఉండి, రిమోట్ చేతికి అలవాటైతే ఉంచుకోండి. లేదంటే పడకగదిలోని పాత టీవీకి పెట్టుకోవచ్చు, అమ్మాయికీ బాధనిపించదు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లో టీవీని ఇన్వర్టర్ లైను మీద పెట్టి, బరువైన రిసీవర్‌ని మామూలు లైను మీద వదిలేయడం మామూలే. పాత అమరికలో కరెంటు పోతే రిసీవర్ ఆగేది, దాంతో బొమ్మా పోయేది. కొత్త అమరికలో సినిమా ఆగదు, టీవీ సొంత స్పీకర్లకి మారుతుంది. కరెంటు వచ్చాక రిసీవర్ మళ్లీ సౌండ్ అందుకోకపోతే మూడిటినీ ప్లగ్గు దగ్గరే ఆపి, ఒక నిమిషం ఆగి, ముందు టీవీ, తర్వాత రిసీవర్, ఆఖరున బాక్సు ఆన్ చెయ్యండి. రిమోట్‌తో ఆపితే చాలదు. స్టాండ్‌బైలో ఉన్న యంత్రం పాత సంభాషణనే పట్టుకుని కూర్చుంటుంది.

సౌండ్ టీవీ గుండా తిరిగి వస్తుంది కాబట్టి బొమ్మకీ మాటకీ కొంచెం తేడా రావచ్చు. హీరో పెదాలు ఆగాక డైలాగ్ వినపడితే డబ్బింగ్ సినిమా చూస్తున్నట్టు చికాగ్గా ఉంటుంది. రిసీవర్‌లో లిప్‌సింక్ అనో ఆడియో డిలే అనో ఉంటుంది, కానీ అది సౌండ్‌ని ఇంకా ఆలస్యం చెయ్యగలదే తప్ప ముందుకి లాగలేదు. కాబట్టి ముందు దాన్ని సున్నాకి తెచ్చి, టీవీలో పిక్చర్ మోడ్ గేమ్ మీద ఉంటే సినిమాకో స్టాండర్డ్‌కో మార్చి చూడండి. అందులో బొమ్మకి మెరుగులు దిద్దే పని పెరుగుతుంది కాబట్టి బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, రెండూ దగ్గరవుతాయి. ఇప్పుడు మాటే ముందు వస్తోందనిపిస్తే డిలేని పది పది మిల్లీసెకన్ల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. వార్తలు చదివే మనిషి మొహం చూస్తూ సరిచేసుకోవడం తేలిక, పాటలు పెట్టుకుని చేస్తే తెమలదు.